రంగులాఫీసు వారి తనిఖీ

గోడల రంగుల్లో సీసం ఉంటుందనీ, ఆ పెచ్చులు నోట్లో పెట్టుకున్న పిల్లలకు బుర్ర ఎదగదనీ ప్రభుత్వానికి ఒక శుభముహూర్తాన తెలిసింది. ఈ సంగతి లోకంలో చాలామందికి చాలా కాలంగా తెలుసు. కానీ ఒక పెద్ద అధికారి ఏదో చలిదేశంలో సభకు వెళ్లి, కాఫీ విరామంలో ఎవరో అనుకుంటుంటే విని, తిరిగొచ్చి చెప్పేదాకా మన ప్రభుత్వానికి తెలిసే యోగం పట్టలేదు. తెలిశాక మాత్రం ఒక్క క్షణం ఊరుకోలేదు. ఇళ్లనూ, పిల్లలుండే భవనాలనూ గోడగోడనా పరీక్షించడానికి ఒక కొత్త విభాగం పుట్టించింది. దానికి ‘వర్ణగత సీస ప్రమాద నివారణ, పర్యవేక్షణ మరియు సమన్వయ విభాగం’ అని నామకరణం చేసింది. అంత పేరు పలకడానికి ఊపిరి చాలనివాళ్లు రంగులాఫీసు అన్నారు.

రంగులాఫీసు వారి కాగితం జిల్లాలన్నీ తిరిగి, గోదావరి కాలవ పక్కనున్న కాలవగట్టుపేట అంగన్‌వాడీ కేంద్రానికి చేరేసరికి, టీచరు వరహాలమ్మ పిల్లలకు వరసగా ముక్కులు తుడుస్తోంది. పేటలోని ఆడవాళ్లంతా రొయ్యల షెడ్లలో తలలు తీసే పనికి పోతారు. కోడి కూయకముందే వ్యాను వస్తుంది. నడక వచ్చిన పిల్లలూ, రాని పిల్లలూ, అప్పుడే మాటలు నేర్చుకుంటున్న పిల్లలూ వరహాలమ్మ చేతిలో పడతారు. పొద్దు వాలాక తల్లులు తడికాళ్లతో వచ్చి తీసుకుపోతారు. ఆ ఒక్క గదీ, ముందున్న వసారా లేకపోతే పేటలో పొయ్యి వెలగడం కష్టం.

ఆ గదికి రంగన్నది ఏమిటో తెలియదు. ఏటా వానలు వెలిశాక తల్లులే సున్నం కలిపి, అందులో చిటికెడు నీలిమందు వేసి, గోడలకు పూసేవారు. తలుపుల చెక్క బిగించినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అంటే సీసం విషయంలో అంత నిష్ఠగల భవనం చుట్టుపక్కల మరొకటి లేదు. పరీక్షాధికారి చెప్పాపెట్టకుండా వచ్చి చూసుకుపోయి ఉంటే ఈ కథ ఇక్కడితో సరి. కానీ ప్రభుత్వం మర్యాద తెలిసినది. ఫలానా బుధవారం నాడు భవనమునకు వర్ణ పరీక్ష జరుపబడునని ముందే తెలియజేసింది.

వరహాలమ్మకు అధికారి అంటే అమ్మవారంత భయం. మామూలు గుమాస్తా వచ్చినా కుర్చీ మీద తువ్వాలు పరిచేది. కాగితం చదవగానే ఆవిడ కళ్లు ముందు గోడల మీదికి పోయాయి. పొద్దున్నే చూసుకున్న గోడలే, ఇప్పుడు పాత చీరలో పెళ్లికి వచ్చిన చుట్టంలా కనిపించాయి. పిల్లల్ని ఆయా నూకరత్నానికి అప్పజెప్పి, గబగబా వార్డు కౌన్సిలరు బుల్లబ్బాయి ఇంటికి నడిచింది.

“తమ్ముడూ, రంగుల సారు వస్తన్నారంట. మన గోడలు చూసి ఏమనుకుంటారో ఏంటో!”

“ఏమనుకుంటారేంటక్కా, పేటకి దిక్కూదివాణం లేదనుకుంటారు.” బుల్లబ్బాయి పేపరు పక్కన పడేసి లేచాడు. “కలెక్టరు గారొచ్చినప్పుడు రోడ్డు పొడుగూతా సున్నం ఎయ్యలేదా? మంత్రిగారొచ్చినప్పుడు చెట్లకి ఎరుపూ తెలుపూ ఎయ్యలేదా? ఆళ్లు రోడ్డు చూడ్డానికీ రాలేదు, చెట్లు చూడ్డానికీ రాలేదు. ఈయనేమో రంగులు చూడ్డానికే వస్తన్నాడాయె. రంగులు చూసే ఆఫీసరుకి రంగులేని గోడ చూపిత్తామా? బోయనానికి పిలిచి ఖాళీ ఇస్తరేసినట్టుండదూ!”

ఇందులో తప్పు పట్టడానికి వరహాలమ్మకేమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే ఆవిడ కోరివచ్చిన మాట అదే.

బుల్లబ్బాయి అన్నవాడు అన్నట్టే కాలవ ఒడ్డున పడవలు కట్టే చోటికి వెళ్లి, ఎప్పటెప్పటివో మిగిలిపోయిన రంగు డబ్బాలు రిక్షాలో వేయించుకొచ్చాడు. మూతలకు తుప్పు పట్టింది గానీ లోపల పసుపు పసుపే, పచ్చ పచ్చే. ఇంత మెరుపు ఈ కాలం రంగులకు రాదని పడవల మేస్త్రి గట్టిగా చెప్పాడు. ఎందుకు రాదో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

గోడలు పసుపయ్యాయి. తలుపు ఆకుపచ్చదయింది. కిటికీ చువ్వలు ఎర్రగా నిగనిగలాడాయి. పిల్లలకు అందే ఎత్తులో చిలక, మామిడిపండు, కుందేలు వెలిశాయి. మిగిలిన రంగు పారబోయడానికి చెయ్యి రాక నూకరత్నం చెక్కబొమ్మలకూ, పీటలకూ కూడా పూసేసింది. పని ముగిశాక వరహాలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత సంతోషం, కొంత టర్పెంటైను.

బుధవారం నాడు సహాయ పరీక్షాధికారి పరాంకుశం గారు దయచేశారు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. చేతిలో ఒక పెట్టె, పెట్టెలో తుపాకీలాంటి యంత్రం. గోడకు ఆనించి మీట నొక్కితే లోపల సీసం ఉందో లేదో చెబుతుంది. ఉంటే కీచుమని అరుస్తుంది. చూసింది చూసినట్టు ఆ క్షణమే రాజధానికి తనంతట తానే పంపేస్తుంది. పంపిందాన్ని తుడిచే అధికారం ఎవరికీ లేదు, పరాంకుశం గారికి అసలే లేదు. ఆయన తుపాకీ బయటికి తీయగానే పిల్లలంతా టీవీల్లో చూసిన పద్ధతి ప్రకారం చేతులు పైకెత్తారు.

దండ వేశారు, కొబ్బరిబొండం ఇచ్చారు. పరాంకుశం గారు గది నలువైపులా చూసి, “ప్రాంగణం కడు శోభాయమానంగా ఉన్నదని నా వ్యక్తిగత అభిప్రాయం” అన్నారు. వరహాలమ్మ బుల్లబ్బాయి వైపు చూసింది. బుల్లబ్బాయి మీసం సవరించుకున్నాడు.

తుపాకీ చిలక మీద పెట్టారు. కీచుమంది. మామిడిపండు మీద పెట్టారు. ఇంకా గట్టిగా కీచుమంది. తలుపు దగ్గర, చువ్వల దగ్గర, పీటల దగ్గర, ఎక్కడ ఆనించినా పీక నొక్కినట్టు అరిచింది. కుందేలు దగ్గరకు వెళ్లేసరికి అక్కడొక బుడతడు కుందేలు చెవిని నాకుతున్నాడు. పరాంకుశం గారు హోదా మరిచి ఒక్క గెంతు గెంతి, వాడిని ఎత్తి వసారాలో దింపి వచ్చారు. ఆయన మొహం పాలిపోయింది.

“ఈ భవనమునకు వర్ణలేపనం ఎప్పుడు జరిగినది?”

“నిన్న సాయంత్రానికి పూర్తి చేసేమండి,” అంది వరహాలమ్మ.

“ఏ కారణం చేత?”

“తమరొస్తున్నారనండి.”

“నేను దేని నిమిత్తం వస్తున్నానో మీకు తెలియపరచబడినదా?”

“తెలుసండి. రంగులు చూడ్డానికండి. అందుకేనండి ఏసేం.”

పరాంకుశం గారు తుపాకీ కిందికి దించారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. “అంతకు పూర్వం గోడలకు ఏముండేది?”

“ఏవుంటదండీ, ఒట్టి సున్నం. బోడిగోడలు. తమకి చూపించడానికి మొహం చెల్లక...”

“అమ్మా, ఆ బోడిగోడలే కనుక ఉండి ఉంటే...” అని ఆయన మొదలుపెట్టి ఆగిపోయారు. మొహంలో మనిషి కనిపించి మాయమై, మళ్లీ అధికారి వచ్చాడు. “మునుపు ఉండిన గోడలను పరీక్షించే అధికారం నాకు సంక్రమించలేదు. ప్రస్తుతమున్న గోడలు ప్రమాదకరములు. నేటి నుండి పిల్లలు లోపలికి ప్రవేశించరాదు. పునఃపరీక్షలో కూడా ప్రమాదం తేలినచో ఈ కేంద్రం హైవే అవతలి కేంద్రంలో విలీనం చేయబడును.”

“అవతల కేంద్రానికీ రంగులున్నాయి కదండీ!” అంది నూకరత్నం.

“ఆ కేంద్రం ఇంకనూ తనిఖీ చేయబడలేదు. తనిఖీ చేయబడని భవనంలో ప్రమాదమున్నట్టు రుజువు లేదు. రుజువు లేని ప్రమాదం ప్రమాదము కాదు.”

ఆ సాయంత్రం రొయ్యల వ్యాను దిగిన తల్లులకు వసారాలో పాత టార్పాలిను కింద కూర్చున్న పిల్లలు కనిపించారు. సంగతి విని సింహాచలం అనే పడుచు తల్లి నెత్తి కొట్టుకుంది. హైవే మీద లారీలు పగలూ రాత్రీ ఆగవు. చీకటితో వెళ్లే తల్లి పిల్లని అవతలికి ఎప్పుడు దాటిస్తుంది, ఎవరికి అప్పజెబుతుంది? “అయితే మా పిల్లల్ని షెడ్డుకి తీసుకుపోయి ఐసుగెడ్డల మజ్జిన కూకోబెట్టుకోవాలేంటి టీచరమ్మా?” అంది. ఇదంతా తను కోరి పూయించిన రంగేనన్న సంగతి గుర్తొచ్చి ఆ రాత్రి వరహాలమ్మకు అన్నం గొంతు దిగలేదు.

పునఃపరీక్షకు గడువిచ్చారు. రంగు గీకితే ఆ దుమ్ము ఇంకా చెరుపు చేస్తుందని, గీకరాదనీ, ‘తగు విధముగా’ కప్పవలెననీ పరాంకుశం గారు రాసి ఇచ్చారు. ఏ విధంగానో అడిగితే, తగు విధమేదో నిర్ణయించడానికి రాజధానిలో కమిటీ వేశారనీ, కమిటీకి గది దొరకలేదనీ చెప్పారు. వరహాలమ్మ ముందు సున్నం కొట్టించింది. నూనెరంగు మీద సున్నం నిలవదు కదా, మర్నాటికి నేల మీద ఉంది. అప్పుడు తల్లులంతా ఒక ఆదివారం కూర్చుని తాటాకు చాపలు అల్లారు. గోడలన్నీ నేల నుంచి కప్పు దాకా చాపలతో దట్టంగా మూసేశారు. తలుపూ, కిటికీ చువ్వలూ ఊడదీసి వేరేవి పెట్టారు. పీటలూ బొమ్మలూ గోతిలో పూడ్చారు. చూడ్డానికి గది పెద్ద ధాన్యపు గుమ్మి లోపలిలా ఉంది గానీ, తుపాకీ అరవడానికి ఏమీ మిగల్లేదు.

పునఃపరీక్షకు ముందురోజు రంగులాఫీసు నుంచే ఒక రాతగాడు వచ్చాడు. చేతిలో ఎర్రరంగు డబ్బా, జేబులో ఆదేశం. రాష్ట్రంలోని ప్రతి కేంద్రంలోనూ, ప్రతి గోడ మీదా, పిల్లల దృష్టికి ఆనునట్లు, ప్రజా చైతన్య నినాదం రాయించవలెనని విభాగం వారి ఉత్తర్వు. వరహాలమ్మ చేతులు జోడించింది.

“బాబ్బాబు, గోడలకేసి చూడకండి బాబూ. రేపు తనిఖీ.”

“తనిఖీ అనేనమ్మా పంపేరు. నినాదం లేకపోతే నా ఉజ్జోగం పోద్ది,” అన్నాడు రాతగాడు. అతనికీ పిల్లలున్నారు. నాలుగు వైపులా చాపల మీద ‘సీసం వద్దు, పాపాయి ముద్దు’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు తుపాకీ చాపల మీద నోరెత్తలేదు. ‘ముద్దు’ దగ్గర కీచుమంది. ‘వద్దు’ దగ్గర ఆపకుండా అరిచింది.

“ఈ రంగు ఎచ్చటిది?” అన్నారు పరాంకుశం గారు, జవాబు ముందే తెలిసినవాడి గొంతుతో.

“తమ ఆఫీసు పంపిందేనండి!”

“మా విభాగం సరఫరా చేసిన రంగును పరీక్షించే అధికారం మాకు లేదు. గోడను పరీక్షించే అధికారమే ఉన్నది. రంగు గోడనెక్కిన పిదప అది గోడ.” ఆయన ఆ మాటలు గోడకే చెప్పారు. వరహాలమ్మ మొహం చూడలేకపోయారు.

అంతటితో ఆగితే బాగుండేది. కేంద్రంలో ఇంత ప్రమాదం తేలింది కనుక పిల్లలుండే ఇళ్లన్నీ కూడా పరీక్షించవలెనని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంటింటికీ ముందస్తు నోటీసులు అంటించారు. ఇంటికి ఆఫీసరు వస్తున్నాడంటే కాలవగట్టుపేట ఊరుకుంటుందా? పడవల మేస్త్రి దగ్గర డబ్బాలు చాలక పక్క రేవుల నుంచి తెప్పించారు. మట్టిగోడలకు నీలం వేశారు. గోడలే లేనివాళ్లు తాటాకు కప్పులకు పచ్చ వేశారు. సింహాచలం వాళ్ల మావగారు ఇంటి ముందు ఏదో ఒకటి కళగా ఉండాలని గేదె కొమ్ములకు ఎరుపూ పసుపూ పూసి నిలబెట్టాడు. తుపాకీ గేదె దగ్గర అరిచిన అరుపుకు గేదె కట్టు తెంచుకుని కాలవలో దూకింది. దాన్ని బయటికి లాగడానికి పేట పేటంతా కదిలింది.

రంగులాఫీసు వార్షికోత్సవంలో కాలవగట్టుపేట పేరు మారుమోగింది. ప్రమాదాలను కనుగొనడంలో ఆ వార్డుది రాష్ట్రంలోనే ప్రథమ స్థానం. పరాంకుశం గారికి శాలువా కప్పారు. కమిషనరు గారు మైకు ముందుకు వచ్చి, “మన విభాగం లేనినాడు ఈ పేటలో సీసం ఉన్నట్టు ఎవరికీ తెలియదు. మనం తనిఖీలు పెంచిన కొలదీ ప్రమాదాలు బయల్పడుచున్నవి. కావున తనిఖీలను మరింత విస్తృతం చేయవలసియున్నది” అని సెలవిచ్చారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. శాలువా కప్పుకున్న పరాంకుశం గారొక్కరే చప్పట్లు కొట్టలేదు. ఆయనకు కుందేలు చెవి నాకుతున్న బుడతడు కళ్లముందు మెదిలాడు.

ఆ వెంటే విలీనం కాగితం వచ్చింది. నెలాఖరు నుంచి పిల్లలు హైవే అవతలికి వెళ్లాలి.

వరహాలమ్మ ఆ కాగితం పట్టుకుని, నూకరత్నాన్ని తోడు తీసుకుని, రంగులాఫీసుకు వెళ్లింది. ఆ ప్రాంతానికి పెట్టిన శాఖ ఎంతో దూరం కాదు, హైవేకి ఇవతలే, కాలవగట్టు చివర. కట్టడం మొదలుపెట్టిన ఆసామి సగంలో వదిలేసిన ఇంట్లో అద్దెకు దిగారు. లోపల అంతా ఫైళ్లూ, బీరువాలూ, పరాంకుశం గారూ.

“బాబూ, తమరు చెప్పకుండా రండి,” అంది వరహాలమ్మ. “పేటలో ఎక్కడో ఓ చోట, ఓ గొడ్లసావిడో, ఓ కొట్టో, రంగు తగలని గోడ ఉంటది. కబురెట్టకుండా వచ్చి చూసెయ్యండి. అందులో కూకోబెట్టుకుంటాను నా పిల్లల్ని.”

“చెప్పకుండా రావడమా!” పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. “ఆకస్మిక తనిఖీకి వారం రోజుల ముందస్తు సమాచారం తప్పనిసరి అమ్మా.”

“వారం ముందు చెప్తే వారంలో పూసేత్తారు కదండీ!”

“పూస్తారు,” అని ఒప్పుకున్నారాయన. “పూసినచో పరీక్షిస్తాం. పరీక్షించినచో...”

జీవితంలో మొదటిసారి అధికారి ఎదుట వరహాలమ్మ గొంతు లేచింది. “అసలు ఆ తుపాకీయే పాడు తుపాకీ అండీ! దానికి అరవడం తప్పితే ఏమీ రాదు. చిలక మీద అరిచింది, గేదె మీద అరిచింది. నా మీద పెట్టినా అరుత్తది!”

పరాంకుశం గారికి ఏ మాటైనా పడేది గానీ ఆ మాట పడలేదు. పదేపదే పరీక్షించి, ముద్రలు వేసి, పరదేశం నుంచి పంపిన యంత్రం అది. “యంత్రం ఎన్నడూ అబద్ధమాడదు!” అంటూ పెట్టె తెరిచి తుపాకీ తీసి, తన కుర్చీ వెనకాల గోడకు ఆనించి మీట నొక్కారు.

నిశ్శబ్దం.

ఆయన పక్కగోడకు ఆనించారు. కిటికీకి ఆనించారు. బీరువాలు జరిపించి వెనకాల చూశారు. వెళ్లి వంటగదిగా ఉండాల్సిన గదిలో చూశారు. ఎక్కడా చప్పుడు లేదు. పూతలేని ఇటుక, రంగులేని చెక్క.

“ఈ భవనంలో అణుమాత్రం సీసం లేదు!” చిన్నపిల్లవాడిలా మొహం విప్పారింది ఆయనకు. “ఇన్నాళ్లలో ఇదే ప్రథమం! మా గోడలకు రంగు ఎందుకు వేయబడలేదో!”

“ఎవరైనా చూడ్డానికొస్తే కదండీ ఎయ్యడానికి,” అంది నూకరత్నం.

పరాంకుశం గారు నవ్వబోయారు. అంతలో చేతిలోని యంత్రం కేసి చూసి నవ్వు ఆపుకున్నారు. చూసింది చూసినట్టు అది రాజధానికి పంపేసింది. పిల్లలను సీసరహితమని తేలిన సమీప భవనానికి తరలించవలెనని విభాగం వారి నియమావళిలోనే ఉంది. ఆ నియమం పరాంకుశం గారు స్వయంగా ముసాయిదా రాసినది. అటువంటి భవనం ఒకటి ఎక్కడైనా తేలుతుందని ఆయన అనుకోలేదు.

పొద్దు వాలకముందే ఉత్తర్వు వచ్చింది. కాలవగట్టుపేట పిల్లలు తక్షణం రంగులాఫీసు భవనంలోకి మారవలెను. రంగులాఫీసు సిబ్బంది ఖాళీ అయిన అంగన్‌వాడీ భవనంలోకి మారవలెను. అక్కడి సీసం వారికి హాని చేయదా అన్న సందేహం ఎవరికైనా రావచ్చునని ఉత్తర్వులోనే వివరణ ఇచ్చారు. సీసము వలన మెదడు ఎదుగుదల కుంటుపడును, అధికారుల విషయంలో ఎదుగుదల ఎప్పుడో పూర్తయినందున ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు.

మర్నాడు కాలవగట్టు మీద రెండు ఊరేగింపులు ఎదురుపడ్డాయి. ఇటునుంచి ఫైళ్లూ, అటునుంచి పిల్లలూ. బుల్లబ్బాయి ఇద్దరికీ దారి ఇప్పిస్తూ అలిసిపోయాడు. సాయంత్రం వ్యాను దిగిన సింహాచలం కొత్త చోటు చూసి, కూతుర్ని చంకనెత్తుకుని, “రోడ్డు దాటక్కర్లేదు కదా, ఇంకేం కావాలి టీచరమ్మా” అని నవ్వేసింది. ఆ నవ్వు చూసి వరహాలమ్మ చాలా రోజులకు కడుపునిండా అన్నం తింది.

అన్నం ఒంటబట్టేలోపే మరో కాగితం వచ్చింది. రాష్ట్రం మొత్తంమీద సీసం లేని ఏకైక శిశు భవనాన్ని కమిషనరు గారు స్వయంగా తనిఖీ చేసి, ధ్రువపత్రం ఇవ్వదలచారు. ధ్రువపత్రం రాకపోతే విలీనం ఉత్తర్వు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. పై శుక్రవారం రాక.

వరహాలమ్మ కాగితం చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది. కమిషనరు! ఆవిడ చుట్టూ చూసింది. ఇటుకలు పళ్లు బయటపెట్టినట్టున్నాయి. అంతటి మనిషికి ఈ గోడలు చూపించాలా? ఒక తోరణమైనా కట్టకుండా, ఒక ముగ్గైనా వేయకుండా? ఎంత వద్దనుకున్నా ఆవిడ మనసు బుల్లబ్బాయి ఇంటి వైపే లాగింది. వాడికి చెవిన వేస్తే చాలు, మిగతాది వాడే చూసుకుంటాడు. అదే కదా భయం. వాడు చూసుకుంటాడు.

ఆవిడ కాగితం మడిచి బొడ్డులో దోపుకుంది. బుల్లబ్బాయికి చెప్పలేదు. తల్లులకు చెప్పలేదు. ఆఖరికి నూకరత్నానికి కూడా చెప్పలేదు. తెలిస్తే అది ఊరికే ఉండక పేడతో అలికేస్తుంది, అలికినదాని మీద ఏదో ఒకటి దిద్దుతుంది. శుక్రవారం దాకా ఆవిడకు నిద్ర సరిగ్గా పట్టలేదు. దొంగసొత్తు దాచుకున్నదానిలా ఎవరు పలకరించినా ఉలిక్కిపడింది.

శుక్రవారం మధ్యాహ్నం కార్లు ఆగాయి. దండ లేదు, బొండం లేదు, కుర్చీ మీద తువ్వాలు లేదు, అసలు కుర్చీయే లేదు. పిల్లలు అన్నాలు తిని చాపల మీద నిద్రపోతున్నారు. కమిషనరు గారు గుమ్మంలో ఆగిపోయి, తప్పు ఊరికి వచ్చామేమోనని పక్కనున్న పరాంకుశం గారి వైపు చూశారు. పరాంకుశం గారు తుపాకీ తీసి గోడగోడకూ ఆనించారు. ఒక్క పిల్లవాడికీ నిద్ర చెడలేదు.

“గోడలకు కనీసం రంగైనా వేయించలేదేమి?” అన్నారు కమిషనరు గారు.

వరహాలమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. “తమరొచ్చే సంగతి ఎవరికీ చెప్పలేదండి.”

“ఎవరికీ?”

“ఎవరికీ లేదండి. నా మొగుడిక్కూడా.”

కమిషనరు గారి సర్వీసులో ఆయన రాక ఎవరికీ తెలియకుండా ఉన్న ఊరు అదే మొదటిది. ఆయన మొహంలో కోపం కన్నా ఆశ్చర్యం, ఆశ్చర్యం కన్నా నామోషీ ఎక్కువ కనిపించాయి. మారుమాట లేకుండా ధ్రువపత్రం మీద సంతకం చేశారు. యంత్రం రాజధానికి చెప్పేశాక చేయక తప్పదు. కారెక్కేటప్పుడు మాత్రం పరాంకుశం గారి చెవిలో ఏదో అన్నారు.

దాని ఫలితం సోమవారం వచ్చింది. పరాంకుశం గారు స్వయంగా తీసుకొచ్చారు. ‘ఉన్నతాధికారి రాకను ప్రజల నుండి దాచియుంచినందుకు తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను’ అని మెమో. ఇన్నేళ్లలో వరహాలమ్మ పేరు మీద ఒక్క మచ్చ లేదు. చదివి ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బాధ బాధే మరి.

“సంజాయిషీ రాసి ఇవ్వండి అమ్మా,” అన్నారు పరాంకుశం గారు గుమ్మం అవతలి నుంచే. “అది అసంతృప్తికరమన్న జవాబు ముందే టైపయి ఉంది. ఇంక్రిమెంటు ఒకటి ఆగుతుంది. అంతకుమించి ఏమీ కాకుండా నేను చూస్తాను.” ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. చాపలు కప్పిన గోడల మధ్య, ఎర్ర నినాదాల కింద కూర్చుని కూర్చుని తలనొప్పి పట్టుకుందని అన్నారు. వెళ్లడానికి తిరిగి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డారు. ఆఖరికి కాస్త గొంతు పెంచి, “నేను... కొంత సమయం ఇచ్చట ఆసీనుడనగుటకు తమకేమైనా అభ్యంతరము...” అని మొదలుపెట్టారు.

వరహాలమ్మ లేవలేదు. తువ్వాలు కోసం వెతకలేదు. ఒళ్లో సింహాచలం కూతురు ఉంది.

“హుష్! మెల్లిగా బాబూ, పిల్లలు పడుకున్నారు,” అంది. “చెప్పులు అక్కడ ఇప్పి, వచ్చి కూకోండి.”

పరాంకుశం గారు చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా వచ్చి, పిల్లల పక్కన నేల మీద కూర్చున్నారు.